దుబాసీ కావాలి

రాయబార కార్యాలయం అనగానే మన పిల్లల కళ్ల ముందు మెదిలేది టీవీలో చూసిన బొమ్మ. రెండు జెండాలు, నల్ల కార్లు, కోట్లు తొడుక్కుని చేతులు కలిపే పెద్దలు. అది అబద్ధం కాదు గానీ సగమే నిజం. అదే భవనానికి పక్కవైపు ఇంకో గుమ్మం ఉంటుంది. పొద్దున్నే అక్కడ జనం వరుస కడతారు. యజమాని పాస్‌పోర్టు లాక్కున్నవాడు, ఆరు నెలలుగా జీతం అందనివాడు, జైల్లో ఉన్న అన్న కోసం వచ్చిన తమ్ముడు, గదిలో తనతోపాటు ఉండి చనిపోయినవాడి శవాన్ని ఊరికి పంపడానికి కాగితాలు పట్టుకొచ్చినవాడు. ఆ గుమ్మం దగ్గర జరిగేదాన్ని కాన్సులర్ పని అంటారు. రెండు ప్రభుత్వాల మధ్య మాట నడిపేది దౌత్యం. పరాయి దేశంలో చిక్కుకున్న మనిషికీ, ఆ దేశపు పోలీసుకూ, కోర్టుకూ, ఆసుపత్రికీ మధ్య మాట నడిపేది కాన్సులర్ పని.

పాత తెలుగులో దుబాసీ అనే మాట ఉంది. రెండు భాషలు తెలిసి, ఒకరి మాట ఇంకొకరికి చేరవేసేవాడని అర్థం. చెన్నపట్నంలో కుంపిణీ దొరల దగ్గర పనిచేసిన దుబాసీలు డబ్బూ పలుకుబడీ బాగానే సంపాదించుకున్నారు. వాళ్లు దొరలకు పనికొచ్చిన దుబాసీలు. మేము ఈ వ్యాసంలో మాట్లాడేది వరుసలో నిలబడ్డవాడికి పనికొచ్చే దుబాసీ గురించి. ఆ పని మన పిల్లలకు దూరపు సంగతి కాదని మా నమ్మకం.

ముందు చట్టం సంగతి చూద్దాం. 1963లో వియన్నా నగరంలో కాన్సులర్ సంబంధాల ఒప్పందం కుదిరింది. మన దేశం కూడా అందులో ఉంది. తన పౌరులకు అండగా నిలవడం, పాస్‌పోర్టులు ఇవ్వడం, జనన మరణాలు నమోదు చేయడం కాన్సులేట్ చేయాల్సిన పనులని 5వ అధికరణం చెబుతుంది. 36వ అధికరణం ఇంకా ముఖ్యమైనది. ఒక విదేశీయుణ్ణి పోలీసులు పట్టుకుంటే, మీ దేశ కాన్సులేట్‌కు కబురు పెట్టించుకునే హక్కు నీకుందని వాళ్లు అతనికి ఆలస్యం లేకుండా చెప్పాలి. కాన్సులర్ అధికారి జైలుకు వెళ్లి అతన్ని చూడవచ్చు, మాట్లాడవచ్చు, వకీలును ఏర్పాటు చేయవచ్చు. అమెరికాలోని అరిజోనాలో ఇద్దరు జర్మన్ అన్నదమ్ములకు ఈ సంగతి ఎవరూ సమయానికి చెప్పలేదు. 1999లో ఇద్దరికీ మరణశిక్ష అమలైంది. ఈ హక్కు దేశానిదే కాదు, ఆ మనిషిది కూడా అని అంతర్జాతీయ న్యాయస్థానం 2001లో తేల్చింది. మన కుల్‌భూషణ్ జాదవ్ విషయంలో పాకిస్తాన్ ఇదే అధికరణాన్ని ఉల్లంఘించిందని 2019 జులైలో తీర్పు వచ్చింది.

అధికారి జైలు గదిలోకి వెళ్లవచ్చు, ఖైదీతో మాట్లాడవచ్చు. బాగుంది. ఏ భాషలో మాట్లాడతాడు? చట్టం తలుపు తెరుస్తుంది గానీ నోరు తెరిపించేది భాషే.

మన తెలుగువాళ్లకు బాగా తెలిసిన గల్ఫ్‌నే తీసుకుందాం. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల, కడప, గోదావరి జిల్లాల నుంచి రెండు మూడు తరాలుగా జనం అటు వెళ్తున్నారు. ఇప్పుడు ఏజెన్సీ మండలాల నుంచి కూడా అక్కడక్కడా వెళ్తున్నారు. అక్కడ కోర్టు భాష అరబీ. పని ఒప్పందం ఇంగ్లీషులోనూ అరబీలోనూ ఉండి రెండింటికీ తేడా వస్తే అరబీలో ఉన్నదే చెల్లుతుంది. బస అనుమతి కార్డు అకామా. పనికి పెట్టుకున్న యజమాని కఫీల్. పారిపోయి కాగితాలు లేకుండా బతికేవాణ్ణి మనవాళ్లు ఖల్లివెల్లి అంటారు. పాస్‌పోర్టు లేనివాడు ఇంటికి రావడానికి రాయబార కార్యాలయం ఇచ్చే కాగితం ఔట్‌పాస్. ఈ మాటలు గల్ఫ్ వెళ్లొచ్చినవాళ్ల నోళ్లలో తెలుగైపోయాయి.

తెలిసినట్టు అనిపించే మాటలతోనే ఎక్కువ ప్రమాదం. మన తెలుగులోకి ఉర్దూ మీదుగా చాలా అరబీ మాటలు వచ్చాయి. వస్తూ వస్తూ కొన్ని అర్థం మార్చుకున్నాయి. తెలంగాణలో గరీబు అంటే పేదవాడు. అరబీలో గరీబ్ అంటే కొత్తవాడు, పరాయివాడు. నేను గరీబును, దయ చూపండి అని ఒక కూలీ వచ్చీరాని అరబీలో చెప్పుకుంటే, ఎదుటివాడికి వినిపించేది నేను పరాయివాణ్ణి అని. అరబీలో పేదవాణ్ణి ఫకీర్ అంటారు, ఆ మాటకు మన దగ్గర ఇంకో అర్థం. మనకు వకీలు అంటే కోర్టులో వాదించేవాడు. అక్కడ వకీల్ అంటే ఒకరి తరపున పనులు చూసే ప్రతినిధి. లాయరును ముహామీ అంటారు. మాఫీ అనే మాట చూడండి. మనకు రుణమాఫీ తెలుసు, మాఫీ అంటే రద్దు, క్షమాపణ. గల్ఫ్ అరబీ వాడుకలో మాఫీ అంటే లేదు అని. కఫీల్ రాతిబ్ మాఫీ అన్నాడంటే జీతం లేదు పొమ్మన్నాడని. కొత్తగా వెళ్లిన పిల్లవాడు ఏదో మాఫీ చేశాడనుకుని తల ఊపి, చూపించిన చోట సంతకం పెడతాడు. నాకు రావాల్సింది అంతా ముట్టింది అని ఆ కాగితంలో అరబీలో రాసి ఉంటే, తర్వాత ఏ కోర్టుకు వెళ్లినా ఆ సంతకమే అతనికి ఎదురు సాక్ష్యం.

ఇలాంటి కాగితాన్ని చేతిలోకి తీసుకోగానే చదవగలిగినవాడు రాయబార కార్యాలయంలో ఉండటం ఎంత అవసరమో వేరే చెప్పాలా? చనిపోయినవాడి విషయంలోనూ ఇంతే. మరణ ధ్రువపత్రం అరబీలో వస్తుంది. ప్రమాదమా, గుండెపోటా, ఆత్మహత్యా అన్నది అందులో ఒకటి రెండు మాటల్లో ఉంటుంది. ఇంటివాళ్లకు బీమా, పరిహారం దక్కుతాయో లేదో చాలావరకు ఆ రెండు మాటల మీదే ఆధారపడుతుంది. అనువాదం చేసేవాడు ఒక్క మాట జారవిడిస్తే ఒక కుటుంబం అన్నం పోతుంది.

మన ప్రభుత్వానికి ఈ సంగతి తెలుసు. ఇండియన్ ఫారిన్ సర్వీసుకు ఎంపికైన ప్రతి ఒక్కరూ ఒక విదేశీ భాష నేర్చుకుని తీరాలి. ముస్సోరీలో, ఢిల్లీలో శిక్షణ అయ్యాక అరబీ, చైనీస్, రష్యన్, ఫ్రెంచ్, స్పానిష్, జపనీస్ లాంటి భాషల్లో ఒకటి కేటాయిస్తారు. ఆ భాష మాట్లాడే దేశంలో ఉండి నేర్చుకుంటారు. పరీక్ష పాసైతేనే ఉద్యోగం ఖాయమవుతుంది. విదేశాంగ శాఖలో అనువాదకులకు వేరే విభాగం కూడా ఉంది. వీళ్లు కాక ప్రతి కార్యాలయంలో ఆ ఊళ్లోనే పనిలోకి తీసుకున్న ఉద్యోగులు ఉంటారు. పోలీస్ స్టేషన్‌కు ఫోన్ చేసేది, కఫీల్‌తో బేరం ఆడేది, లేబర్ ఆఫీసుకు వెళ్లేది చాలాసార్లు వాళ్లే.

అంటే అరబీ వైపు వంతెనకు ఒక గట్టు ఉంది. మన వైపు గట్టు ఎక్కడుంది? ఇది మాకు ఒక కువైట్ కేసులో అనుభవంలోకి వచ్చింది.

మా పక్క గూడెం తమ్ముడొకడు కువైట్ వెళ్లాడు. ఇంటి పని అని చెప్పి తీసుకెళ్లారు. తీరా వెళ్లాక ఎడారిలో గొర్రెల మంద దగ్గర వదిలారు. నాలుగు నెలలు గడిచాక అతని భార్య ఫోన్ పట్టుకుని మా బడికి వచ్చింది. అన్నా, ఈయన మాట ఒకసారి వినండి, అవతలివాళ్లకు సరిగ్గా అర్థమైనట్టు లేదు అంది. అతను పంపిన మాట కోయలో ఉంది. అతనికి తెలుగు బాగానే వచ్చు. కానీ అదే యజమాని దగ్గర ఇంకో తెలుగు మనిషి ఉన్నాడు, అతను విన్నదంతా యజమానికి చేరవేస్తాడు. అందుకే పక్కన ఎవరున్నా తెలియని భాషలో చెప్పాడు. ఆ దేశంలో అతని దగ్గర యజమాని లాక్కోలేనిది ఆ భాష ఒక్కటే.

ఆమె ఆ మాటను సహాయం చేస్తామన్న ఒక చోటికి పంపింది. అక్కడ విన్నది తెలుగు మనిషే. విని, ఏరు దూరమని, ఊరి మీద బెంగ పెట్టుకున్నాడని రాసుకున్నాడు. మేము విన్నాము. కోయలో ఏరు అంటే నీళ్లు. ట్యాంకరు వారానికి రెండుసార్లు వస్తుంది, ముందు గొర్రెలకు పడుతుంది, తనకు చాలడం లేదు, అడిగితే కొట్టారు అని అతను చెబుతున్నాడు. నీళ్లు ఇవ్వకపోవడం నేరం. బెంగ పెట్టుకోవడం నేరం కాదు. ఒక్క మాట తేడాతో ఫిర్యాదు కాస్తా ఓదార్చి పంపే విషయమైపోయింది.

మేము ముగ్గురు ఉపాధ్యాయులం కూర్చుని అతని మాటలను ముందు కోయలో ఉన్నట్టే తెలుగు లిపిలో రాశాము. దాని కింద తెలుగు, దాని కింద ఇంగ్లీషు. విదేశాంగ శాఖ 2015లో మొదలుపెట్టిన మదద్ అనే ఫిర్యాదుల ఏర్పాటు ద్వారా పంపాము. తర్వాత రాయబార కార్యాలయం నుంచి ఫోన్ వచ్చింది. అధికారి హిందీలో అడిగేవారు. మాలో హిందీ వచ్చిన మాస్టారు తెలుగులో చెప్పేవారు. మేము అతని భార్యతో కోయలో మాట్లాడి వెనక్కి చెప్పేవాళ్లం. అటువైపు అధికారి పక్కనే అరబీ తెలిసిన ఉద్యోగి కఫీల్‌తో ఇంకో ఫోన్‌లో ఉండేవాడు. ఒక్క ప్రశ్న నాలుగు భాషలు దాటి వెళ్లి, జవాబు మళ్లీ నాలుగు భాషలు దాటి వచ్చేది. మూడు నెలల తర్వాత ఆ తమ్ముడు ఔట్‌పాస్ మీద ఇల్లు చేరాడు. రెండు నెలల జీతం రానే లేదు. మనిషి వచ్చాడు, అంతే చాలు అంది వాళ్లమ్మ.

ఏరు అనే మాట దగ్గర అలా జరగడం మాకు కొత్త కాదు. మా చిన్నప్పుడు ఒకటో తరగతిలో దాహం వేసి ఏరు అని అడిగిన పిల్లకు, ఏరు ఊరి బయట ఉంది, కూర్చో అని జవాబు వచ్చింది. గోండీలోనూ దాదాపు ఇదే మాట నీళ్లకు. బడిలో ఆ పిల్ల గుక్కెడు నీళ్లు లేకుండా మధ్యాహ్నం దాకా కూర్చుంది. ఎడారిలో అయితే ప్రాణం మీదికి వస్తుంది.

ఇలాంటిది మనకే జరుగుతోందని అనుకోకండి. మెక్సికోలో స్పానిష్ కాకుండా పదుల కొద్దీ ఆదివాసీ భాషలు ఉన్నాయి. అక్కడి వాహాకా రాష్ట్రం నుంచి మిస్తెక్ భాష మాట్లాడే ఒక యువకుడు పొలం పనికి అమెరికాలోని ఓరెగాన్ వెళ్లాడు. 1986లో హత్య కేసులో అతన్ని దోషి అన్నారు. మెక్సికో మనిషి కదా అని కోర్టులో స్పానిష్ దుబాసీని పెట్టారు. అతనికి స్పానిష్ సరిగ్గా రాదన్న సంగతిని ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత కొందరు పట్టుబట్టి పోరాడితే 1991లో బయటికి వచ్చాడు. మెక్సికో 2003లో ఆదివాసీ భాషా హక్కుల చట్టం చేసి ఆ భాషలను జాతీయ భాషలుగా గుర్తించింది. కాలిఫోర్నియాలో మిస్తెక్, సపోటెక్ యువతీ యువకులు కోర్టుల్లో, ఆసుపత్రుల్లో దుబాసీలుగా శిక్షణ పొందుతున్నారు. పొలం పనివాళ్ల పిల్లలే వాళ్లు.

ఆదివాసీ సముద్రం దాటడం కూడా నిన్నటిది కాదు. 1838లో విట్బీ, హెస్పెరస్ అనే రెండు ఓడలు కలకత్తా నుంచి బ్రిటిష్ గయానా చెరకు తోటలకు మనుషులను తీసుకెళ్లాయి. వాళ్లలో చాలామంది ఛోటానాగ్‌పుర్ కొండల ఆదివాసీలు. కాగితాల్లో కొండ కూలీలు అని రాశారు. వాళ్ల తరపున అడగడానికి వాళ్లదైన ప్రభుత్వం లేదు, అధికారి లేడు. ఇప్పుడు ప్రభుత్వం ఉంది, అధికారి ఉన్నాడు, చట్టం ఉంది. భాష ఒక్కటే ఇంకా పూర్తిగా చేరలేదు. 2011 జనాభా లెక్కల్లో గోండీ మాట్లాడేవాళ్లు 29 లక్షలకు పైనే, కోయ మాట్లాడేవాళ్లు 4 లక్షలకు పైనే. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో ఆదివాసీ భాషలు సంతాలీ, బోడో రెండే. కాగితం మీద లేని భాష విదేశంలోని కార్యాలయం దాకా ఎలా వెళ్తుంది?

ఇక మన పిల్లల దగ్గర ఏముందో చూద్దాం. మా బడిలో ఐదో తరగతి పిల్ల ఇంట్లో కోయ, బడిలో తెలుగు, సంతలో కొంత హిందీ, సరిహద్దు గూడెం అయితే ఒడియా మాట్లాడుతుంది. ముసలామెను ఆసుపత్రికి తీసుకెళ్లి డాక్టరుకు నొప్పి ఎక్కడో చెప్పేది ఆ పిల్లే. బ్యాంకులో, రేషన్ దుకాణంలో, అటవీ చెక్‌పోస్టు దగ్గర పెద్దల పక్కన నిలబడి మాట దాటించేదీ ఆ పిల్లే. ఆ పిల్లను తెలుగులో వెనకబడింది అని రిజిస్టరులో రాస్తారు. కాన్సులర్ అధికారి రెండేళ్లు శిక్షణ తీసుకుని నేర్చుకునే పనిలో సగం ఆ పిల్ల పదేళ్లకే చేస్తోంది. ఒక భాషలో ఆలోచించి ఇంకో భాషలో చెప్పడం, ఎదుటివాడికి ఏ మాట అర్థం కాలేదో ముఖం చూసి పట్టుకోవడం ఆమెకు అలవాటైన పనులు. కొత్త భాష అంటే భయం లేకపోవడం ఆమెకు పుట్టుకతో వచ్చిన ఆస్తి.

అయితే రెండు భాషలు వచ్చినంత మాత్రాన దుబాసీ కాలేరు. అందుకే మేము తరగతిలో ఒక ఆట ఆడిస్తాము. ముగ్గురు పిల్లలు. ఒకరు కోయలోనే మాట్లాడాలి, ఒకరు తెలుగులోనే. మధ్యలో ఉన్నవారు దుబాసీ. నియమాలు నాలుగు. చెప్పినదానికి ఒక్క మాట కలపకూడదు. ఒక్క మాట తగ్గించకూడదు. అర్థం కాకపోతే ఊహించకుండా మళ్లీ అడగాలి. అక్కడ విన్నది బయట చెప్పకూడదు. పిల్లలకు కష్టమైనది రెండోది. కోపంతో అన్న మాటను మెత్తగా చేసి చెబుతారు, సిగ్గు పడే మాటను మింగేస్తారు. కొట్టారు అన్న మాటను మింగేస్తే కేసు పోతుందని వాళ్లకు నెమ్మదిగా అర్థమవుతుంది.

పెద్ద పిల్లలకు దారులు చెప్పాలి. ఏ డిగ్రీ ఉన్నా సివిల్ సర్వీసెస్ రాయవచ్చు. ఎస్టీ అభ్యర్థులకు 37 ఏళ్ల దాకా అవకాశం ఉంది. మెయిన్స్ తెలుగులో రాయవచ్చు. ఫారిన్ సర్వీసును మొదటి కోరికగా పెట్టుకోవచ్చు. అది దూరమనిపిస్తే స్టాఫ్ సెలక్షన్ కమిషన్ గ్రాడ్యుయేట్ పరీక్ష ద్వారా విదేశాంగ శాఖలో అసిస్టెంట్ సెక్షన్ ఆఫీసర్ కావచ్చు. వాళ్లు కూడా విదేశాల్లోని కార్యాలయాల్లో పనిచేస్తారు. భాష కోసం హైదరాబాద్‌లో ఇఫ్లూ ఉంది. అరబీ, ఫ్రెంచ్, స్పానిష్, జర్మన్, రష్యన్, జపనీస్ అక్కడ నేర్పుతారు. కేంద్ర విశ్వవిద్యాలయం కాబట్టి ఎస్టీలకు ఏడున్నర శాతం సీట్లు ఉంటాయి. ఉస్మానియాలో అరబీ విభాగం ఉంది. ఇంటర్ అయ్యాక ఏం చదవాలి సార్ అని అడిగే పిల్లలకు నర్సింగ్, డిగ్రీ, పోలీసు ఉద్యోగం అనే మూడు జవాబుల పక్కన ఈ నాలుగోది కూడా చెప్పండి.

వెళ్లే పిల్లలకు చెప్పాల్సిన మాటలు వేరే ఉన్నాయి. చదవలేని కాగితం మీద సంతకం పెట్టకండి. పాస్‌పోర్టు, వీసా నకళ్లు ఇంట్లో ఒకటి, బడిలో ఒకటి ఉంచండి. రాయబార కార్యాలయం నంబరు ఫోన్‌లోనే కాదు, చొక్కా మడతలో కూడా రాసుకోండి. ఎవరైనా మీది ఏ భాష అని అడిగితే తెలుగు అని సరిపెట్టుకోకండి. నాకు తెలుగు వచ్చు, నా భాష కోయ అని చెప్పండి. కష్టంలో మనిషి నోటికి మొదట వచ్చేది తల్లి భాషే.

చివరగా ఉపాధ్యాయ మిత్రులకు ఒక పని. భద్రాచలం, ఏటూరునాగారం, ఉట్నూరు, పాడేరు, రంపచోడవరం, పార్వతీపురం, సీతంపేట ఐటీడీఏల్లో ఒక్కొక్క చోట ఒక్కొక్క జాబితా ఉండాలి. కోయ, గోండీ, కొలామీ, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒడియా, బంజారా భాషల నుంచి తెలుగుకో హిందీకో నిజాయితీగా మాట దాటించగలిగినవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు అందులో రాయాలి. ఆ జాబితా కలెక్టరు కార్యాలయం మీదుగా విదేశాంగ శాఖకు చేరాలి. ఖర్చు పెద్దగా లేదు, ఒక ఉత్తరం, కొన్ని ఫోన్లు. ఎనిమిది భాషల్లో పిల్లలకు వాచకాలు రాసింది మన ఉపాధ్యాయులే కదా, ఎనిమిది భాషలకు దుబాసీలు దొరకరా? మా బడి నుంచి కోయకు మూడు పేర్లు రాసి ఉంచాము. అందులో రెండు మా పూర్వ విద్యార్థినులవి. మీ భాషకు మీరు రాయండి.